సీట్ల మేస్త్రి కుట్టిన చెట్టు

మేస్త్రి గుడ్డను లాగుతున్నాడు. ఎడమ చేత్తో అంచు పట్టి లాగి, బొటనవేలితో చెక్క పలక మీదకు అదిమి, కుడి చేత్తో చిన్న మేకు నిలబెట్టి ఒక్క దెబ్బ. మళ్ళీ లాగడం, మళ్ళీ అదమడం, మళ్ళీ దెబ్బ. నాలుగు పక్కలా మేకులు పడ్డాక గుడ్డ మీద చూపుడు వేలితో కొట్టి చూశాడు. డప్పులా మోగింది. బస్సు సీటయినా కారు సీటయినా ఇలా మోగితేనే ఆయన చేతిలోంచి బయటికి వెళ్ళేది.

కానీ ఇది సీటు కాదు. క్రిస్మస్‌కి ఒక ఇంటి గోడ మీద వేలాడాల్సిన బొంత. పలక మీద బిగించింది దాని వెనక గుడ్డ. దాని మీద పల్చటి దూది పొర, ఆ పైన పచ్చ ముక్కలు అతికి చేసిన చెట్టు బొమ్మ పరిచి, మూడూ జారిపోకుండా పొడుగు టాకాలు వెయ్యాలి. అప్పుడు మిషన్ ఎక్కించవచ్చు. దూది పరిచి, చెట్టును దాని మీద పెట్టి, బొంత నాలుగు మూలలూ ఎక్కడున్నాయో పలక మీద సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు. అది పాత అలవాటు.

"ఏమండీ! ముడతలు లేకుండా పరిచారా?" పైనుంచి భార్య కేక.

"నా చేతిలో ముడతా?"

"అబ్బో! మెట్లు దిగలేననేగా ఈ ధైర్యం!"

మేస్త్రి నవ్వుకుంటూ సూదిలో దారం ఎక్కించాడు.

షెడ్డు ఇంటి వెనక, కింద ఉంటుంది. ఒకప్పుడు దాని ముందు బళ్ళు వరసలో నిలబడేవి. మేస్త్రికి ఈ పని ఎవరూ నేర్పలేదు. కుర్రతనంలో ఒక గ్యారేజీలో బళ్ళు కడిగేవాడు. పారేసిన సీటు ఒకటి దొరికితే కుట్టు కుట్టుగా విప్పి, ఏ ముక్క తర్వాత ఏ ముక్క వచ్చిందో నేల మీద పేర్చి చూసి, మళ్ళీ కుట్టాడు. మూడోసారికి అది కూర్చోవడానికి పనికొచ్చింది. ఆ తర్వాత డ్రైవర్లు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. "మేస్త్రి కుట్టిన సీటు చిరగదు, మనం చిరుగుతాం" అని వాళ్ళలో వాళ్ళు అనుకునేవాళ్ళు. రెడీమేడ్ కవర్లు వచ్చాక ఆ వరస పలచబడింది, తర్వాత ఆగిపోయింది. మిగిలినవి పలక, సుత్తి, ఒక మూట నిండా సీటు గుడ్డల ముక్కలు.

భార్య పని మొదలైంది కూడా ఆ మూటలోంచే. పెళ్ళయిన కొత్తలో మొగుడు పారేసే లైనింగు పీలికలు ఏరి, లోపల దూది కూరి, ఒక నక్షత్రం కుట్టి, ఎదురింటివాళ్ళకు క్రిస్మస్‌కి గుమ్మం మీద కట్టుకొమ్మని ఇచ్చింది. పక్కింటివాళ్ళు మాకూ అన్నారు. తర్వాత వీధి మొత్తం అంది. అప్పటినుంచి ఆవిడ చుక్కలమ్మ. చుక్కల దండలు, బల్ల మీద పరిచే బొంతలు, పిల్లల బహుమతులు వేసే పొడుగు మేజోళ్ళు, అన్నీ ఆవిడ గీసుకుని కత్తిరించి కుట్టేది. ఆవిడ కుట్టు ఎంత చిన్నదంటే మేస్త్రి అద్దాలు పెట్టుకుని వెతికేవాడు. "ఎక్కడే కుట్టు? జిగురు పెట్టి అంటించావా?" అని ఉడికించేవాడు.

వేసవిలో ఆవిడకు పక్షవాతం వచ్చింది. కాలు ఈడుస్తూ అయినా నడక వచ్చింది, మాట పూర్తిగా వచ్చింది, కుడి చెయ్యి రాలేదు. ఎడమ చేత్తో పెన్సిలు పట్టమంటే పట్టదు. "వంకర గీతలు గీసి నవ్వులపాలు కాలేను" అంటుంది. మిషన్ మీద దుప్పటి కప్పించింది.

అలాంటి మనిషి నర్సమ్మ ఫోను చేస్తే "అలాగేనమ్మా, ఎప్పటిలా" అనేసింది. నర్సమ్మ ఊరి అవతలి ఆసుపత్రిలో పనిచేస్తుంది. మొదటిసారి అద్దె గది తీసుకున్నప్పుడు ఒక చుక్క కొనుక్కుంది. అప్పటినుంచి ఏటా ఒకటి. ఈసారి సొంత ఇల్లు అమరింది, కానీ చిన్నది. చెట్టు నిలబెట్టే చోటు లేదు. గోడ మీద గుడ్డ చెట్టు కావాలంది.

"ఎవరు కుడతారే?" అన్నాడు మేస్త్రి ఫోను పెట్టేశాక.

"మీరు."

"నేను సీట్లు కుట్టేవాణ్ణి."

"చెట్టు మీద ఎవరూ కూర్చోరులెండి, భయపడకండి." తర్వాత ఆవిడ గొంతు మారింది. "ఒక్కసారి చూద్దాం. నేను చెబుతాను, మీరు కుట్టండి. నేను అనుకున్నట్టు వస్తే సరే. రాకపోతే మిషన్ ఇచ్చేద్దాం. చెడిపోయిన పని నా పేరు మీద బయటికి వెళ్ళకూడదు."

మిషన్‌కి బేరం కూతురు అప్పటికే తెచ్చి ఉంది. వాళ్ళ వీధిలో టైలరుకు కావాలట. ఊరికే దుమ్ము పట్టడం ఎందుకని ఆ పిల్ల ఉద్దేశం. చూడటానికి ఎప్పుడు రమ్మంటారో చెప్పమని టైలరు అడుగుతూనే ఉన్నాడు. నర్సమ్మ వచ్చి వెళ్ళాక చెబుతానని చుక్కలమ్మ దాటేస్తూ వచ్చింది.

చుక్కలమ్మ మంచం మీద కూర్చుని కర్రతో చూపించింది, మేస్త్రి నేల మీద ముక్కలు పేర్చాడు. ముదురు పచ్చ కింద, లేత పచ్చ పైన, పాత కర్టెను ముక్క ఎండలో వెలిసిపోయిన వైపు పైకి. కొన నక్షత్రం తెలుపు. ఆ నక్షత్రం దగ్గర మొదలై బొంత చివరిదాకా, వెలుతురు జారినట్టు, గీతలు గీతలుగా కుట్లు దిగాలి. ఆ గీతలు మేస్త్రి స్కేలు పెట్టి గీశాడు. కుట్టినన్నాళ్ళూ ఆవిడ చూపు సూది మీదే. ఒక్క పలక మీద పని మాత్రం కింద జరిగింది. అది ఆవిడ చూడలేదు.

*

నర్సమ్మ సాయంత్రం డ్యూటీ దిగి వస్తానన్న రోజు పొద్దున్నే కూతురు వచ్చింది. బొంత చుట్టూ అంచు పట్టీ కుట్టడం ముందురోజే అయిపోయింది. పై అంచులో సన్న కర్ర దూర్చి, మేస్త్రి బొంతను గోడ మేకుకు తగిలించి, వెనక్కి జరిగాడు.



చెట్టు నడుం దగ్గర ముందుకు పొంగింది. నాలుగు అంచులూ గోడవైపు ముడుచుకున్నాయి. నక్షత్రం ఇంటికప్పు వైపు చూస్తోంది. మొదలు నేలను చూస్తోంది.

"చెట్టుకి బొజ్జ వచ్చింది నాన్నా" అంది కూతురు నవ్వబోయి. తల్లి ముఖం చూసి ఆపేసింది.

"ఇస్త్రీ చేస్తే సరి" అన్నాడు మేస్త్రి. తడిగుడ్డ పరిచి బరువైన ఇస్త్రీపెట్టెతో అదిమాడు. ఆవిరి లేచింది. బల్ల మీద బొంత పలకలా పడుకుంది. ఆయన ప్రాణం కుదుటపడింది. మళ్ళీ తగిలించాడు. నున్నగా ఉంది. ముగ్గురూ నిలబడి చూస్తున్నారు. ఆవిరి ఆరుతున్నకొద్దీ, ఎవరో లోపలినుంచి ఊపిరి పీలుస్తున్నట్టు, నడుం మెల్లగా ముందుకు వచ్చింది. అంచులు మళ్ళీ ముడుచుకున్నాయి.

చుక్కలమ్మ పెదవులు బిగుసుకున్నాయి.

"ఇప్పుడేమైందమ్మా?" అంది కూతురు. "గోడకు కింద రెండు మేకులు కొట్టుకోమంటే సరిపోతుంది. లేకపోతే ఇదే కొత్త ఫ్యాషన్, చెట్టు గోడలోంచి బయటికి వస్తున్నట్టు ఉంటుంది అని చెప్పు. ఆవిడకు తెలుస్తుందా ఏంటి?"

"మాటలతో గోడకు అంటుకోదే. ఇటు తిప్పండి."

మేస్త్రి బొంత దించి వెనక్కి తిప్పి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ ఎడమ అరచేతితో వెనక గుడ్డను తడిమింది. తర్వాత ముందు గుడ్డను. మళ్ళీ వెనక.

"కింద పలక మీద దీన్ని లాగి కొట్టారా?"

"లాగకపోతే ముడతలు పడవూ?"

"ఎంత లాగారు?"

"లాగాల్సినంత. డప్పులా మోగింది."

ఆవిడ కళ్ళు మూసుకుంది. "అయ్యో! ఇది సీటు కాదండీ. సీటులో ఫోము ఉంటుంది, మీరెంత లాగినా అది ఎదురు తన్నుతుంది. ఇందులో తన్నడానికి ఏముంది, గుప్పెడు దూది. మేకులు పీకగానే వెనక గుడ్డ దాని కొలతకు అది వెళ్ళిపోయింది. ముందుది మిగిలిపోయింది. ఆ మిగిలిందే మీ బొజ్జ."

"నా కుట్టులో తప్పు లేదు."

"కుట్టులో లేదు. లాగడంలో ఉంది."

"ఇన్నేళ్ళు లాగినవాణ్ణి. ఎవడూ నా కుట్టు విప్పమనలేదు."

"ఇప్పుడు నేనంటున్నాను."

మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. బొంతను చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. షెడ్డు తలుపు ధడాలున మూసిన చప్పుడు పైకి వినిపించింది.

"నాన్నకి కోపం వచ్చింది" అంది కూతురు.

"రానీ."

"టైలరుకి ఫోను చెయ్యనా మరి? రేపు రమ్మని?"

చుక్కలమ్మ మిషన్ వైపు చూసింది. దుప్పటి తీసేసి ఉంది. సూది కింద తెల్ల దారం కొస ఇంకా వేలాడుతోంది. "కొంచెం ఆగు" అంది.

కింద మేస్త్రి బొంతను పలక మీద విసిరాడు. ఆయన ఒకరి మాట వినే మనిషి కాదు. కానీ పలక చెబితే వింటాడు. సుద్ద గుర్తులు ఇంకా చెరగలేదు. ఒక మూలను దాని గుర్తు మీద పెట్టాడు. ఎదురు మూలను దాని గుర్తుదాకా జరిపాడు. అందలేదు. వేలెడు ఖాళీ. ఆ పక్క చూశాడు, అక్కడా వేలెడు. లాగి చూశాడు, అందింది. వదిలాడు, వెనక్కి పోయింది.

తర్వాత సీట్లు విప్పే కొక్కెం తీసుకున్నాడు. వేలంత ఇనప పుల్ల, కొస వంకర, ఆ వంకరలో పదును. మెట్లెక్కి పైకొచ్చి, బొంతను భార్య ముందు పరిచి, కొక్కేన్ని పక్కన పెట్టాడు.

"వేలెడు తగ్గింది" అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

చుక్కలమ్మ ఎడమ చెయ్యి చాపింది. "ఇటివ్వండి."

"ఎడమ చేత్తోనా?"

"పట్టుకోవడం మీ పని, తెంచడం నా పని. మీరు మీ కుట్టు మీద జాలిపడతారు. నాకు జాలి లేదు."

"అది పెళ్ళయిన రోజే తెలిసింది."

ఆయన రెండు చేతుల్తో గుడ్డ పరిచి పట్టాడు. ఆవిడ కొక్కేన్ని కుట్టు కిందికి దూర్చి పైకెత్తింది. దారం చిటుక్కున తెగింది. రెండోది. మూడోది. చెయ్యి మొదట తడబడింది, తర్వాత దాని దారి అది చూసుకుంది. ముందు అంచు పట్టీ ఊడి వచ్చింది, తర్వాత గీతలు మొదలయ్యాయి. కూతురు తెగిన దారాలు లాగి పారేస్తోంది. సీటు కుట్టు కదా, ఊరికే రాదు. ప్రతి గీతా నక్షత్రం దగ్గరనుంచి కింది అంచుదాకా గట్టిగా పట్టుకుని ఉంది. "ఏం కుట్టారండీ బాబూ, దీని మీద బస్సు నడుపుతారా?" అని ఆవిడ విసుక్కుంది. మేస్త్రి మెడ కొద్దిగా నిక్కింది.

వెలుతురు కిటికీ ఇవతలి వైపునుంచి అవతలి వైపుకు జరిగింది. ఇంకో రెండు గీతలు ఉన్నాయనగా కొక్కెం జారింది.

పర్రుమని చిన్న చప్పుడు.

చెట్టు కుడి కొమ్మ మీద, లేత పచ్చ ముక్క మధ్యలో, గోరంత చిరుగు. లోపలి దూది తెల్లగా కనిపిస్తోంది.

చుక్కలమ్మ చేతిలోంచి కొక్కెం కింద పడిపోయింది. "అయిపోయింది" అంది. "ఆ ముక్క ఇంక లేదు. అదే ఆఖరిది." కూతురు ఏదో అనబోయింది, మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన వంగి కొక్కెం తీసి, మిగిలిన రెండు గీతలూ తనే విప్పి, లేచి, కిందినుంచి సీటు గుడ్డల మూట తెచ్చి ఆవిడ పక్కన విప్పాడు.

"ఏం చెయ్యమంటావో చెప్పు" అన్నాడు. "నాకు అతకడం వచ్చు. ఏం అతకాలో రాదు."

ఆవిడ చాలాసేపు చిరుగు వైపు చూసింది. తర్వాత మూటలోకి చూసింది. బూడిదరంగు, నలుపు, గీతలవి. అడుగున ఒక గోధుమరంగు ముక్క ఉంది, మెత్తగా నూగు ఉన్నది, ఏ కారు సీటుదో. దాన్ని బయటికి లాగింది.

"కొమ్మ మీద పిట్ట కూర్చుంటుంది."

"గియ్యి."

"మీరు గియ్యండి."

"నేను గీస్తే అది స్టీరింగులా ఉంటుంది. గియ్యి."

కూతురు సుద్ద అందించింది. చుక్కలమ్మ దాన్ని ఎడమ చేతి వేళ్ళ మధ్య పట్టుకుంది. మేస్త్రి ముక్కను బల్ల మీద అదిమి పట్టాడు. సుద్ద కదిలింది. వీపు బాగానే వచ్చింది, తోక దగ్గర ఊగింది, తల దగ్గర గీత ఒక్క గెంతు గెంతి ముక్కు వంకరగా తిరిగింది. ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుంది.

మేస్త్రి కత్తెర తీసుకున్నాడు.

"నాన్నా, ముక్కు దగ్గర కాస్త సరిచేసి కత్తిరించు. వంకరగా ఉంది" అంది కూతురు మెల్లగా.

"గీత ఎక్కడుంటే కత్తెర అక్కడే." ఆయన తలెత్తలేదు. తోక దగ్గర గీత ఊగితే కత్తెరా ఊగింది. ముక్కు దగ్గర గీత తిరిగితే గుడ్డను తిప్పి, కొసతో, గీత మీదే తిప్పాడు. ఒక్క పోగు అటూ ఇటూ పోలేదు. చుక్కలమ్మ ఎప్పుడు ఇటు తిరిగిందో, కత్తెర వెంట కళ్ళు పెట్టి చూస్తోంది.

పిట్ట తయారయ్యింది. ముక్కు వంకరే. దేన్నో వినడానికి తల వాల్చినట్టుంది.

"అలాగే పెట్టండి" అంది ఆవిడ. "కొంచెం ఎడమకి. ఆఁ, అక్కడ."

పిట్టను చిరుగు మీద కుట్టాక వెనక గుడ్డను మంచం మీద పరిచారు. మేస్త్రి చేతులు అలవాటుకొద్దీ అంచు పట్టుకున్నాయి.

"లాగొద్దు!"

చేతులు ఆగాయి.

"నిద్రపోయే పిల్ల మీద దుప్పటి కప్పుతారు చూడండి. లేస్తుందేమోనని. అలా."

మేస్త్రి ఊపిరి బిగబట్టి గుడ్డను వదిలాడు. అది తనంతట తానే పడుకుంది. అరచేతితో మధ్యనుంచి అంచులకు నిమిరాడు. దూది పరిచాడు, నిమిరాడు. చెట్టు పరిచాడు, నిమిరాడు. వేలితో కొట్టి చూడబోయి మానుకున్నాడు. టాకాలు వేస్తుంటే ఆయన నుదుటినుంచి చెమట కారింది. సీటు లాగినప్పుడు కూడా అంత కారలేదు.

మిషన్ మీద ఇంకా కష్టమైంది. ఆయన చేతులు సూది ముందు గుడ్డను లాగబోవడం, ఆవిడ కర్రతో నేల మీద టక్కున కొట్టడం. లాగబోవడం, టక్. కొన్ని గీతలయ్యాక కర్ర చప్పుడు తగ్గింది. ఆ తర్వాత మిషన్ చప్పుడే మిగిలింది. కూతురు అంచు పట్టీ ఇస్త్రీ చేసి ఇస్తోంది. కిటికీలో వెలుతురు ఎర్రబడింది. పట్టీ మూడు పక్కలు తిరిగి నాలుగో పక్కకు వచ్చేసరికి మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది.

"వచ్చేసింది" అంది కూతురు. "నన్ను మాట్లాడనివ్వండి."

"నువ్వు మంచినీళ్ళు తీసుకురా" అంది తల్లి.

నర్సమ్మ లోపలికి వచ్చింది. యూనిఫాం మీదే ఉంది, భుజాన సంచి. చుక్కలమ్మ ఒళ్ళో వాలి ఉన్న చెయ్యి వైపు ఒక్కసారి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎప్పుడైందమ్మా ఇది?"

"ముందు బొంత చూడమ్మా. చెయ్యి తర్వాత చూద్దువుగాని."

మేస్త్రి ఆఖరి కుట్టు ముడి వేసి దారం తెంపాడు. కర్ర దూర్చి, గోడ మేకుకు తగిలించాడు. ఈసారి వెనక్కి జరగలేదు. పక్కనే, తల వంచి నిలబడ్డాడు.

చెట్టు గోడను ఆనుకుని నిలబడింది. అంచులు కదలలేదు. నక్షత్రం తిన్నగా ఎదుటివైపు చూస్తోంది. కుట్లు దాని దగ్గరనుంచి కిందికి జారుతున్నాయి. కాసేపు అందరూ, పొద్దున్న చూసినట్టే, నడుం వైపు చూస్తూ ఆగారు. నడుం ముందుకు రాలేదు.

నర్సమ్మ దగ్గరికి వెళ్ళింది. పిట్ట దగ్గర ఆగి, నూగు మీద వేలు పెట్టింది. తర్వాత అంచు ఎత్తి వెనక కుట్టు చూసింది. ఆమె గోడల మీద చుక్కలమ్మ కుట్టు ఏళ్ళుగా ఉంది. తెలియకుండా ఎలా ఉంటుంది?

"ఈ కుట్టు మీది కాదు."

కూతురు నీళ్ళ గ్లాసుతో గదిలోకి వస్తూ నిలబడిపోయింది.

"కాదు" అంది చుక్కలమ్మ. "కుట్టు ఆయనది. ఊహ నాది. పిట్టను మాత్రం నేనే గీశాను, ఈ చేత్తో."

"ఫోనులో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే జాలిపడి తీసుకుంటావు. జాలిపడి కొన్నది ఎన్నాళ్ళు గోడ మీద ఉంటుంది? ఇప్పుడు చూశావుగా. నచ్చకపోతే వదిలెయ్. నేనేం అనుకోను."

నర్సమ్మ మళ్ళీ వెనక్కి తిప్పి చూసింది. రెండు వేళ్ళ మధ్య ఒక కుట్టు పట్టి, గట్టిగా లాగింది. రాలేదు. ఇంకోటి లాగింది. మేస్త్రి వైపు తిరిగింది.

"ఇది చిరగదు కదా?"

"మనం చిరగాలి" అన్నాడు మేస్త్రి, అలవాటుగా.

నర్సమ్మకు నవ్వొచ్చింది. "వచ్చే ఏడు కిటికీకి ఏదైనా కావాలి. ఏం చెయ్యాలో మీరే చెప్పండి" అంది చుక్కలమ్మతో. "పిట్టలు ఉండాలి. ఇలాంటి వంకర ముక్కే ఉండాలి వాటికి."

బల్ల మీద కూతురి ఫోను మోగింది. టైలరు. ఆ పిల్ల ఫోను పట్టుకుని తల్లి వైపు చూసింది.

"మిషన్ ఖాళీ లేదని చెప్పు" అంది చుక్కలమ్మ.

మేస్త్రి బొంతను దించి కర్ర తీశాడు. నర్సమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టబోయింది. మొగుడూ పెళ్ళాం ఒక్కసారే అరిచారు.

"మడత పెట్టొద్దు!"

ఆయన బల్ల మీద పరిచి పట్టాడు. ఆవిడ ఎడమ చేత్తో కింది అంచునుంచి, నిమురుతూ, మెల్లగా చుట్టింది. చెట్టు మొదలు, కొమ్మలు, పిట్ట, ఆఖర్న నక్షత్రం లోపలికి వెళ్ళాయి. ఆయన మిగిలిన అంచు పట్టీ ముక్కతో చుట్ట నడుం దగ్గర కట్టి, ముడి బిగించబోయి, వదులుగా వేశాడు. ఆవిడ చుట్టను ఎత్తి ఎడమ చేతి మీద పెట్టుకుని చాపింది. నర్సమ్మ రెండు చేతుల్తో అందుకుంది.